ఎవరిదో తెలియని చింతపిక్క

తెలివిగుంట అనే ఊళ్ళో తెలివికి కరువు లేదు. నీళ్ళకి అప్పుడప్పుడూ కరువొస్తుంది, తిండికి తరచుగా వస్తుంది, తెలివికి మాత్రం తాతల నాటి నుంచీ ఎన్నడూ రాలేదు. ఈ మాట ఎవరన్నారంటారా? వాళ్ళే అన్నారు. పక్క ఊరి వాళ్ళు తమని చూసి నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, "చూశావా, మన తెలివికి ఎంత ముచ్చట పడుతున్నారో" అనుకునేవాళ్ళు.

ఆ ఊరి నీటి సంఘానికి ప్రెసిడెంటు బసవపున్నయ్య. చెరువు కింద పొలం ఉన్న ఇరవై ఒక్కమంది అందులో మెంబర్లు. తూము తెరవాలన్నా మూయాలన్నా అందరూ కూర్చుని ఓటు వేసుకోవాల్సిందే. తూము చక్రానికి గొలుసు చుట్టి, తాళం వేసి, తాళంచెవి పున్నయ్య మొలతాడుకి కట్టారు. స్నానం చేసేటప్పుడు కూడా అతను దాన్ని విప్పడు. విప్పాలంటే తీర్మానం కావాలి మరి.

సంఘానికి ఒక పుస్తకం కూడా ఉంది. సభలు ఎలా జరపాలో చెప్పే నిబంధనల పుస్తకం. సెక్రటరీ రత్తయ్య దాన్ని పట్నంలో కొన్నాడు. కొట్టువాడు రెండు పుస్తకాలు ముందు పెడితే, రెండింటినీ చేత్తో తూచి చూసి బరువైనది తెచ్చాడు. "నిబంధనన్నాక బరువుండొద్దూ?" అన్నాడు. అందరూ అవునన్నారు. అప్పట్నుంచి ఆ పుస్తకంలో లేకపోతే ఊళ్ళో తుమ్మడానికి కూడా జంకేవాళ్ళు.

ఆ ఏడు వరి పొట్టకొచ్చే వేళకి వానలు మొహం చాటేశాయి. చెరువులో మాత్రం నీళ్ళున్నాయి. పున్నయ్య భార్య తులశమ్మ పొద్దున్నే చేను చూసొచ్చి, నెత్తిన గడ్డిమోపు దించకుండానే చెప్పింది.

"ఏమయ్యా, చేలో ఆకులు చుట్టుకుపోతన్నై. పన్నెండు రోజుల్లో నీళ్ళు పెట్టకపోతే గింజ పట్టదు, అంతా తాలే. పంట పోయిందంటే మాత్రం ఇంక నా దగ్గర గేదె మాటెత్తమాక."

గేదె సంగతేమిటంటే, పెళ్ళయి పదకొండేళ్ళుగా తులశమ్మ ఒక పాడిగేదె కావాలంటోంది. గిన్నె పట్టుకుని మజ్జిగ కోసం పక్కింటికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె మొహం చిన్నబోవడం పున్నయ్య చూశాడు. చూసి నిజంగానే బాధపడ్డాడు. ఈ పంట ఇంటికి రాగానే గేదెని కొంటానని మాటిచ్చాడు. ఆ మాట నమ్ముకుని ఆమె ముందే చాంతాడంత పలుపుతాడు పేని దండేనికి తగిలించింది. ఆ తాడు కంటపడినప్పుడల్లా పున్నయ్య మనసు కలుక్కుమనేది. అందుకే ఆ పూట ఆలస్యం చెయ్యకుండా పరిగెత్తాడు. తూము దగ్గరికి కాదు, చావడిలో మీటింగు పెట్టడానికి.

ఓటు రహస్యంగా ఉండాలని పుస్తకంలో ఉంది. కాగితాల మీద రాద్దామంటే రాయడం వచ్చినవాడు రత్తయ్య ఒక్కడే. రెండు కుండలు పెట్టారు. తూము తెరవాలనేవాళ్ళు కొత్త కుండలో, వద్దనేవాళ్ళు పాత కుండలో తలా ఒక చింతపిక్క వెయ్యాలి. చింతపిక్కలకోసం ఊరంతా తిరగడమెందుకని పున్నయ్య ఇంట్లో డబ్బా ఒకటి తెచ్చాడు. తులశమ్మ నమలడానికి వేయించి దాచుకున్న పిక్కలవి. వేయించిన సంగతి పున్నయ్యకి తెలియదు. నిగనిగలాడుతున్నాయని తెచ్చాడు, అంతే.

"కూర్చున్న ప్రతివాడికీ ఒకటి ఇయ్యి, రత్తయ్యా" అన్నాడు.

రత్తయ్య ఇచ్చాడు. కూర్చున్న ప్రతివాడికీ ఇచ్చాడు. తెరవాలనేవాళ్ళు చేలు ఎండుతున్నాయన్నారు. వద్దనేవాళ్ళు, "తూము తెరిస్తే నీళ్ళు పోతై. మూసుంచితే ఎప్పటికీ మనయ్యే" అన్నారు. వాదన బాగుందని తెరవాలనేవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరే లేచి కుండల్లో వేసి వచ్చారు. లెక్కపెడితే కొత్త కుండలో పదకొండు, పాత కుండలో పది.

"ఇరవై ఒక్కమంది, ఇరవై ఒక్క పిక్కలు! తెలివంటే ఇదీ" అని పున్నయ్య సంబరంగా మొలతాడు మీద చెయ్యి వేశాడు.

"అబ్బాయ్, మరి నా పిక్కేదీ?" అన్నాడు వెనకనుంచి పానకాలు.

పానకాలు అందరిలోకీ పెద్దవాడు, మెంబరే. కూర్చునే చోట సెగగడ్డ లేచి, ఆ పూటంతా నిలబడే ఉన్నాడు. నిలబడ్డవాడికి పిక్క ఇమ్మని ప్రెసిడెంటు చెప్పలేదు, కాబట్టి రత్తయ్య ఇవ్వలేదు. మరి పానకాలుది ఎవరు వేశారు? అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు చావడి అరుగు చివర గాజుల మలారం పక్కన పెట్టుకుని నీడకి కూర్చున్న మస్తాను గొంతు సవరించుకున్నాడు. మస్తానుది పై ఊరు, వారం పది రోజులకోసారి గాజులమ్మడానికి వస్తాడు.

"అది నాకిచ్చారయ్యా. తినమనేమో అనుకున్నా. అందరూ లేచెళ్ళి కుండలో వేస్తంటే ఇదేదో మీ ఊరి మొక్కుబడి గావాలని నేనూ వేసొచ్చా. ఎందులో వేశానంటే..."

అంతే! ముగ్గురు ఎగిరి అతని మీద పడి నోరు మూసేశారు.

"రహస్య ఓటు! చెప్తే రహస్యం పోద్ది!" అని అరిచాడు రత్తయ్య.

మస్తాను కళ్ళతో ఒక కుండ వైపు చూపించబోయాడు. అతని కళ్ళకి కూడా కండువా కట్టారు. అలా రహస్యాన్ని కాపాడి, అందరూ ఊపిరి పీల్చుకుని, పుస్తకం తెరిచారు. రత్తయ్య వేలు పెట్టి చదివాడు.

"హక్కు లేనివారు వేసిన ఓటును గుర్తించి తొలగించవలెను."

"తర్వాత?" అన్నాడు పున్నయ్య.

"తర్వాత పేజీ అయిపోయింది."

"అయితే తిప్పు."

"తిప్పమని ఇందులో రాయలేదే!"

నిజమే, రాయలేదు. పున్నయ్య కూడా వంగి చూశాడు, చదవడం రాకపోయినా. పేజీ అడుగున ఖాళీ తప్ప ఏమీ లేదు. సరే, గుర్తించి తొలగించాలి. ఇంకేముంది, రెండు కుండలూ ఒకే చాప మీద గుమ్మరించారు.

మొదట ఎవరి పిక్క వాళ్ళని తీసుకోమన్నారు. మిగిలింది మస్తానుది అవుతుంది కదా! ఆలోచన బ్రహ్మాండంగానే ఉంది కానీ, అందరికన్నా లావుగా ఉన్న పిక్క తనదేనని తొమ్మిదిమంది పట్టుకున్నారు. ఒకరి జుట్టు ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. ఆ తర్వాత పరాయి వాసన వచ్చేది ఏదోనని ఒక్కొక్కటీ మూచూశారు. అన్నీ తులశమ్మ డబ్బా వాసనే వచ్చాయి. ఆఖరికి పానకాలు చెయ్యెత్తాడు.

"ఒరే, మన మడిసి ముట్టుకున్న పిక్క మన నేలలో మొలుస్తది. పరాయోడు ముట్టుకున్నది మొలవదు. పాతిపెట్టండి!"

"బాబాయ్ బుర్రే బుర్ర!" అన్నారందరూ. చావడి ముందు ఇరవై ఒక్క గుంటలు తవ్వి ఓట్లని పాతిపెట్టారు. కోళ్ళు కెలక్కుండా కంప నాటారు. ఓట్లు ఎండిపోకూడదని రోజూ ఇద్దరు మెంబర్లు బావి నుంచి కావళ్ళతో నీళ్ళు మోసి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిపారు. ఊరి చేలన్నీ దాహంతో నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. చావడి ముందు మాత్రం బురద.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. పున్నయ్య రోజూ చేను గట్టు మీదికి వెళ్ళి నిలబడేవాడు. పొట్టలో ఉన్న కంకి బయటికి రాలేక ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టుండేది. మడిలో పగుళ్ళు కాలి వేళ్ళు దూరేంత పెద్దవయ్యాయి. "ఓర్చుకో తల్లీ, ఓట్లు మొలకెత్తుతున్నాయి" అని చేనుకి ధైర్యం చెప్పి వచ్చేవాడు. తొమ్మిదోనాడు గుంటలు తవ్వి చూశారు. ఒక్కటీ మొలవలేదు.

మెంబర్ల మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"ఒక్కటీ మొలవలా. అంటే..." అన్నాడు రత్తయ్య, "ఇరవై ఒక్కరం పరాయివాళ్ళమే!"

ఇంకేముంది, ఏడుపులు మొదలయ్యాయి. మనది ఈ ఊరు కాకపోతే ఏ ఊరని ఒకడు వాళ్ళమ్మని నిలదీశాడు. ఇంకొకడు మూట సర్దుకున్నాడు, ఎటు పోవాలో తెలియక మూట మీదే కూర్చున్నాడు. పానకాలు తన ఇంటి గడప బయట నిలబడి, "అమ్మా, లోపలికి రావచ్చునా?" అని నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్యని అడిగాడు.

తులశమ్మకి సంగతి తెలిసి చావడికి వచ్చింది. తవ్విపోసిన పిక్కలు చూసింది.

"అయ్యో మీ తెలివి మండ! ఇయ్యి నేను ఏయించి పెట్టుకున్నయ్యి గదయ్యా! ఏయించిన పిక్కలు మొలుస్తయ్యా ఎక్కడన్నా?"

"అమ్మా, నువ్వు మెంబరువా?" అని అడిగాడు రత్తయ్య మర్యాదగా.

"కాదు."

"మెంబరు కాని వాళ్ళ మాట లెక్కలోకి తీసుకోకూడదమ్మా."

"మీరు కూడా కాదంటన్నారుగా ఇప్పుడు!"

"అందుకే మా మాట మేం కూడా తీసుకోవడంలా."

తులశమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇంక మూణ్ణాళ్ళే ఉంది. ఆ తాళంచెవి ఇటియ్యి, నేనే పోయి తిప్పొస్తా."

పున్నయ్యకి ఇవ్వాలనే ఉంది. చెయ్యి మొలతాడు దాకా పోయింది కూడా. కానీ అతని తెలివి ఊరుకుంటుందా? "మెంబరుని కాకపోతే ప్రెసిడెంటుని కూడా కాను గదే. ప్రెసిడెంటుని కాకపోతే ఈ తాళంచెవి నాది కాదు. నాది కానిది నీకెట్టా ఇచ్చేది?"

"నీది కాకపోతే నీ మొల్లో ఎందుకుంది?"

"ఎవురిదో తేలేదాకా జాగ్రత్త పెట్టా."

తులశమ్మ నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజే మస్తాను మళ్ళీ గాజులమ్మడానికి వచ్చాడు. చావడి నిండా పరాయివాళ్ళు కూర్చుని ఏడుస్తుంటే చూసి, విషయం కనుక్కుని, ఆ బరువైన పుస్తకం అడిగి తీసుకుని, ఎవరి తీర్మానమూ లేకుండా పేజీ తిప్పేశాడు. అందరూ కెవ్వుమన్నారు. పుస్తకానికి ఏమీ కాలేదు.

"ఇదిగో, మిగతా సగం ఇక్కడుంది" అని చదివాడు మస్తాను. "గుర్తించుటకు వీలుకానప్పుడు, ఆ ఓట్లు ఫలితమును మార్చగలిగినన్ని ఉన్నట్లయితే, మొత్తము రద్దుచేసి మరల జరపవలెను. అర్థమైందా? పదకొండూ పదీ వచ్చినై. నాది పదకొండులో పడిందనుకోండి, తీసేస్తే పదీ పదీ. తేడా వస్తంది. కాబట్టి పాత ఓటు చెల్లదు, మళ్ళీ వేసుకోండి. ఇక మీరు మెంబర్లా కాదా అని చింతపిక్కల్ని అడుగుతారేందయ్యా? మీ రిజిస్టర్లో పేర్లు లేవూ?"

రత్తయ్య రిజిస్టరు తీశాడు. ఇరవై ఒక్క పేర్లూ ఉన్నాయి. ఒకరినొకరు కావలించుకున్నారు. పానకాలు ఇంటికి పరిగెత్తుకెళ్ళి, అడక్కుండా లోపలికి పోయి, మంచినీళ్ళు తాగి వచ్చాడు.

ఈసారి తప్పు జరగకూడదని పున్నయ్య గట్టిగా చెప్పాడు. మస్తానుని చావడికి యాభై అడుగుల దూరంలో కూర్చోబెట్టారు. కుండలొద్దు, పిక్కలొద్దు. పుస్తకం చూస్తే, "సమ్మతించువారు చేతులెత్తవలెను" అని ఉంది. ఎండిన చేలు చూసి చూసి అందరికీ భయం పట్టుకుంది. తూము తెరవాలనేవాళ్ళు ఎత్తండి అనగానే అందరూ ఎత్తారు. రెండేసి చేతులూ ఎత్తారు. రత్తయ్య లెక్కపెట్టాడు. నలభై రెండు.

"మెంబర్లం ఇరవై ఒక్కరం. ఓట్లు నలభై రెండు" అన్నాడు చెమటలు తుడుచుకుంటూ. "ఇరవై ఒక్క దొంగ చేతులు!"

యాభై అడుగుల దూరం నుంచి మస్తాను అరిచాడు. "అయ్యా, సగం తీసేసినా మీరంతా ఒక్క మాట మీదే ఉన్నారు గదా! తేడా ఏమీ రాదు. ఫలితం నిలబడుద్ది. పోయి తూము తెరవండి!"

కానీ ఎవరు వింటారు? దొంగని పక్కనే పెట్టుకుని తూము దగ్గరికి ఎలా వెళ్తారు? ఈసారి గుర్తించడం మాత్రం తేలికైంది. ఎడమచేత్తో ఎవరూ మంచి పని చెయ్యరు కాబట్టి దొంగ ఓటు ఎడమచేతిదే. అది మళ్ళీ తోక జాడించకుండా వెనక్కి విరిచి కట్టెయ్యాలి. తాడేదీ? పున్నయ్య ఇంటికి పరిగెత్తి, దండేనికి వేలాడుతున్న పలుపుతాడు లాక్కొచ్చాడు.

"అది గేదెకయ్యా!" అని తులశమ్మ వెనకాలే వచ్చింది.

"గేదె రావాలంటే ముందు ఈ చేతులు కట్టాలే, పిచ్చిదానా!" అన్నాడు పున్నయ్య. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు, పాపం.

అలా ఇరవై ఒక్కమందీ వరసగా ఒకే తాడుకి ఎడమచేతులు కట్టుకుని తూము దగ్గరికి బయల్దేరారు. ఒకడు గోక్కుంటే ఇరవై మంది ఊగారు. ఒకడు తడబడితే అందరూ పడ్డారు. అరగంట దారి పొద్దు వాలేదాకా నడిచారు. పున్నయ్య తాళం తీసినా, కుడిచేయొక్కటే ఉండటంతో చక్రం ఎంతకీ తిరగలేదు. ఎడమచేతుల్ని సాయం పెడదామంటే, ఓటు లేని చేతికి పని చెప్పకూడదన్నాడు రత్తయ్య. మొత్తానికి ఏడుగురు ఏడు కుడిచేతులు వేసి తిప్పారు. తూము తెరుచుకుంది. నీళ్ళు బుసకొడుతూ కాలవలోకి దూకాయి.

సరిగ్గా అప్పుడే ఆకాశం ఉరిమింది. నెల రోజులుగా మొహం చాటేసిన వాన ఊరి మీద కుండపోతగా కురిసింది. ఇటు తూము నీళ్ళు, అటు వాన నీళ్ళు. తెల్లవారేసరికి మడులన్నీ నిండిపోయాయి. చేలు తల దువ్వుకున్నట్టు నిక్కి నిలబడ్డాయి. పున్నయ్య తన గట్టు మీద నిలబడి చూసుకుని ఆనందం పట్టలేక ఏడ్చాడు. పంట దక్కింది. గేదె వచ్చినట్టే. ఎక్కడ కట్టాలో కూడా అనుకున్నాడు, వంటింటి పక్కన, వేపచెట్టు నీడ పడే చోట.

కథ ఇక్కడ ఆగిపోతే తెలివిగుంటకి వేరే ఊరి పేరు పెట్టాల్సి వచ్చేది. ఆగలేదు. గొడుగేసుకుని రత్తయ్య వచ్చాడు, చంకలో పుస్తకంతో.

"ప్రెసిడెంటు గారూ, చిన్న సందేహం. వాన మన సంఘంలో మెంబరేనా?"

రిజిస్టరు తిరగేశారు. పానకాలు ఉన్నాడు, రత్తయ్య ఉన్నాడు, వాన లేదు. దానికి చెరువు కింద సెంటు భూమి కూడా లేదు. అయినా వచ్చి, ఎవరూ పిలవకుండా, అందరి మడుల్లోనూ నీళ్ళు వేసిపోయింది!

"మస్తాను చేసిన పనే చేసింది" అన్నాడు పున్నయ్య.

"మస్తాను ఒక్కటే వేశాడు. ఇదెన్ని వేసిందో!" అన్నాడు రత్తయ్య.

ఇరవై ఒక్కమందీ గట్టు మీద చేరారు. పుస్తకం తెరిచారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే పేజీ కూడా తిప్పారు. ముందు గుర్తించాలి. పానకాలు మడిలో నీళ్ళు దోసిలితో తాగి, "ఇది తూముదిరా. ఉండు, కాదు కాదు, వానదే" అన్నాడు. కడుపు నిండిందే కానీ తేలలేదు. గుర్తించడానికి వీలు కాలేదు. మరి ఫలితం మారుతుందా? తూము నీళ్ళకి మడి సగం నిండేది, వాన వల్ల అంచుదాకా నిండింది. మారుతుంది!

"మొత్తము రద్దుచేసి మరల జరపవలెను" అని చదివాడు రత్తయ్య.

అంతే! పారలందుకున్నారు. పున్నయ్య అందరికన్నా ముందున్నాడు. చదవడం రాకపోయినా ఈసారి నిబంధన తనకే ముందు అర్థమైందని అతనికి ఎంత గర్వమో! ప్రతి మడికీ గండి కొట్టి నీళ్ళన్నీ వాగులోకి వదిలారు. చెరువులో కూడా వాన పడింది కాబట్టి చెరువు కూడా చెల్లదు. దాని కట్టకీ గండి కొట్టారు. పల్లాల్లో మిగిలిన నీటిని గంపలతో చేదారు. గంపల్లో నీళ్ళు నిలవకపోతే, "సిగ్గుపడి పారిపోతోంది" అన్నారు. రెండోనాటికి వాన వెలిసింది, ఎండ కాసింది, ఊరంతటికీ చుక్క చెల్లని నీరు లేదు.

అప్పుడు మళ్ళీ జరపడానికి తూము దగ్గరికి వెళ్ళి చక్రం తిప్పారు. తూములోంచి ఒక కప్ప వచ్చింది. రిజిస్టరు చూసి దాన్ని కూడా పంపేశారు.

మూణ్ణాళ్ళూ అయిపోయాయి. వాన పడగానే గేదె బేరానికి పక్క ఊరెళ్ళిన తులశమ్మ తిరిగొచ్చి, చేను చూసుకుందామని కొత్త చీర కట్టుకుని వచ్చింది. గట్టెక్కి చూసింది. మడి నెర్రెలిచ్చి ఉంది. కంకి తెల్లబోయి ఉంది. చేత్తో నలిపి చూస్తే పొట్టే వచ్చింది, గింజ లేదు. ఆమె మొగుడి భుజం మీద వేలాడుతున్న పలుపుతాడు వైపు ఒకసారి చూసి, గట్టు మీద కూలబడింది. పదకొండేళ్ళ గేదె ఆమె కళ్ళలోంచి చుక్కై జారి మడిలో పడింది.

పున్నయ్యకి ఎప్పుడూ లేనిది, ఏదో పెద్ద తప్పు జరిగిందేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆమె పక్కన కూర్చుందామని వంగాడు. ఈలోపు వెనకనుంచి రత్తయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ప్రెసిడెంటు గారూ! మడిలో చుక్క! తులశమ్మగారు మెంబరు కాదు!"

పున్నయ్య మొహం వికసించింది. ఇన్నాళ్ళకి, ఇన్ని తిప్పల తర్వాత, ఒక్కటంటే ఒక్కటి ఎవరిదో స్పష్టంగా తెలిసింది. మొత్తం రద్దు చెయ్యక్కర్లేదు, పేజీ తిప్పక్కర్లేదు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, కండువా కొసతో ఆ తడిని జాగ్రత్తగా అద్ది తీశాడు. భార్య వైపు చూసి, "భయపడమాక తులశమ్మా, గుర్తుపట్టి తీసేశా" అన్నాడు ప్రేమగా.

రత్తయ్య రిజిస్టర్లో రాసుకున్నాడు. చెల్లని చుక్క ఒకటి. తొలగించబడినది.